తెల్లారని మేడలో పై గది

జూన్ 3

అత్తకి,

ఫోన్లో నేను ఊ, ఆ అనడం తప్ప ఏమీ చెప్పనని, కాగితం మీదైతే గొణగడం కుదరదని నువ్వే అన్నావు. అందుకే రాస్తున్నాను. కవరులో ఉత్తరంతో పాటు ఒక పెన్ డ్రైవ్ ఉంది, చూసి చించు.

అందులో ఉన్నది మా ఆట. పేరు "తెల్లారని మేడ". ఆట అన్నానని గంతులూ తుపాకులూ ఉంటాయనుకోకు. దీన్ని విజువల్ నవల అంటారు. తెర మీద బొమ్మ ఉంటుంది, కింద మాటలు వస్తుంటాయి, వెనక సంగీతం వినిపిస్తుంటుంది. నువ్వు చదువుకుంటూ పోవడమే. అక్కడక్కడ కథ ఆగి, ఇప్పుడేం చేద్దాం అని నిన్నే అడుగుతుంది. నువ్వు దేన్ని నొక్కితే కథ ఆ దారిన పోతుంది. ఇంతకీ కథేమిటంటే, కొండ మీద ఒక మేడ. అందులో ఉండేవాళ్ళంతా రక్తపిశాచాలు. పాత పుస్తకాలు సర్దే ఉద్యోగానికి ఒక అమ్మాయి అక్కడికి వస్తుంది. మేడ యజమానికి ఐదు వందల ఏళ్ళు, చూస్తే ముప్ఫై అనిపిస్తాయి. మిగతాది నువ్వే చూడు.

మాటలు నావి, బొమ్మలు నా స్నేహితురాలివి. ప్రకటనల కంపెనీలో ఉద్యోగం మానేసి దీని మీదే కూర్చున్నానని నీకు తెలుసు. నాన్నకి తెలిసిందల్లా, చదువుకున్న కూతురు గదిలో కూర్చుని ఆటలాడుకుంటోందని. వానలు వెనకబట్టాక విడుదల చేద్దామనుకుంటున్నాం. ఇప్పటిదాకా మేమిద్దరం తప్ప ఎవరూ చదవలేదు. మా ఇద్దరికీ ఇక కళ్ళు ఆనడం లేదు. చివరి పేజీ ముందు చదివేసి, నచ్చకపోతే లైబ్రరీ ఆయనతో పోట్లాడి వచ్చే మనిషివి నువ్వు. బాగున్నవీ బాగోనివీ రెండూ రాయి. మొహమాటపడకు.

పైగా బ్లడ్ బ్యాంకులో పనిచేసే అత్త ఉండగా ఇంకెవరినో అడగడం ఎందుకు?

నీ గొణుగుడు


జూన్ 17

గొణుగుడమ్మకి,

పెన్ డ్రైవ్ క్షేమంగా చేరింది. మా ఆఫీసు గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. భోజనాల వేళ దాని మొహం చూసేవాళ్ళుండరు. దాన్ని మేలుకొలిపి మీ ఆట ఎక్కించింది మా ఫ్రిజ్‌ల మెకానిక్. రక్తం సంచులు దాచే ఫ్రిజ్‌లు చూసి వెళ్ళడానికి వస్తుంటాడు. "రోజంతా రక్తంతోనే కదండీ మీ పని, అన్నం వేళ కూడా అదేనా" అన్నాడు. అని తనూ కుర్చీ లాక్కున్నాడు. ఇద్దరం కలిసే చదివాం.

ముందు బాగున్నవి. ఆ మేడ బాగుంది. మెట్ల మీద అరిగిన చోటు కూడా గీసింది మీ పిల్ల. వాన చప్పుడు వింటుంటే నేను రెండుసార్లు కిటికీ వైపు చూశాను, బయట ఎండ మండిపోతోంది. వంటవాడు చాలా బాగున్నాడు. తినేవాళ్ళే లేని ఇంట్లో వంటవాడు, నాలుగు వందల ఏళ్ళుగా "ఇవాళ కూరేంటి" అని అడిగే దిక్కులేదని ఏడుస్తాడు చూడు, అక్కడ మెకానిక్ గారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. మాటలు రాయడం నీకు వచ్చు. ఇది పొగడ్త కాదు, కంటపడ్డది చెప్తున్నాను.

ఇక బాగోనివి. మీ యజమాని అందగాడే, కాదనను. కానీ ఐదు వందల ఏళ్ళు బతికి అతను నేర్చుకున్నది మొహం ముడుచుకుని కిటికీ దగ్గర నిలబడడమేనా? ఒక్క పనీ చేయడు. మధ్యలో విందు మూడు సార్లు వస్తుంది, మూడు సార్లూ అదే గొడవ. మూడోసారి నేను బటన్ నొక్కుతూ క్యారియర్ విప్పుకున్నాను. అందరూ ఒకరి రక్తం ఒకరు తాగేస్తున్నారు, ఏ గ్రూపో ఒక్కళ్ళూ అడగరు. అది సరిచెయ్యి.

అన్నిటికంటే పెద్ద లోపం ఇది. ఏం చేద్దాం అని నన్ను అడుగుతావు, నేను చెప్పింది మాత్రం వినవు. "వెళ్ళిపోతాను" అని నొక్కాను. వాన అని వెనక్కి తెచ్చావు. మళ్ళీ నొక్కాను, బండి లేదన్నావు. ఇంకోసారి నొక్కితే ఆ అమ్మాయే "ఎందుకో వెళ్ళాలనిపించలేదు" అంది. అలాంటప్పుడు అడగడం దేనికి? మెకానిక్ గారైతే ఏది నొక్కినా చచ్చిపోతున్నాడు, ఆయన సంగతి వేరు.

ఇంకొకటి. పై అంతస్తులో ఎర్ర శాలువా కప్పుకున్న ఆవిడ. ఎవరి జోలికీ వెళ్ళదు, తలుపేసుకుని ఉంటుంది. ఆ తలుపు బొమ్మ నాలుగు సార్లు చూపించావు, ఒక్కసారీ తట్టనివ్వలేదు. కథలో అందరికీ ఏదో ఒక ముగింపు ఉంది, ఆవిడకి లేదు. ఆవిడను ఎక్కడో చూసినట్టే ఉంది. మా అద్దంలో అనుకుంటాను.

వేళకి తింటున్నావా? మీ నాన్నతో మాట్లాడుతూ ఉండు.

మీ అత్త


జూన్ 29

అత్తా,

ఉత్తరం చదివాను. మొహమాటపడవద్దన్నది నేనే కాబట్టి ఏమనలేను.

గ్రూపుల సంగతి మాత్రం కుదరదు. పున్నమి వెన్నెల్లో ఆమె మెడ మీదికి వంగి "మీది బి పాజిటివా" అని అడిగితే ఇక అతని మొహం ఎవరు చూస్తారు? ఇది రక్తపిశాచాల కథ, మీ ల్యాబ్ కాదు. అద్దం జోకు బాగుంది కానీ, రక్తపిశాచాలు అద్దంలో కనబడరు. ఆవిడా అంతే. ఆవిడేం పెద్ద పాత్ర కాదు, ఆ మేడకి పై అంతస్తులో ఎవరో ఒకరు ఉండాలని పెట్టాను.

వెళ్ళిపోతానంటే వెళ్ళనివ్వడం లేదన్నావు కదా, ఆ ముక్క నాన్న చెప్పి రాయించాడా? నేను గది దాటడం లేదని, ఉద్యోగం మానేసి ఇరుక్కుపోయానని ఆయన అందరితో అంటున్నాడని నాకు తెలుసు. నేరుగా అడిగితే నేరుగానే చెప్తాను. ఆట మీద పెట్టి చెప్పనక్కర్లేదు.

నీ ఉత్తరం స్నేహితురాలికి చూపించాను. "మీ అత్త చెప్పిందంతా నిజమే, నీతో అనలేక ఊరుకున్నాను" అంది. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని ఊరుకోవడమేంటని గట్టిగానే అడిగాను. బొమ్మల ఫైళ్ళన్నీ నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

తింటున్నాను.

గొణుగుడు


జూలై 11

గొణుగుడికి,

మీ నాన్నకి నీ ఆట సంగతి నేను చెప్పలేదు. నాతో రాయించే తీరిక ఆయనకి లేదు, ఎవరో చెప్తే రాసే అలవాటు నాకు లేదు. నువ్వు గది దాటడం లేదని నాకు ఇప్పుడే తెలిసింది, అదీ నువ్వే చెప్పావు.

ఆవిడ అద్దంలో కనబడదని రాశావు. పెద్ద పాత్ర కాదని కూడా రాశావు. సరే.

ఇక్కడ నా విషయం ఒకటి తేలాల్సి ఉంది. ఉత్తరాల్లో రాసేది కాదు. ఈ వయసులో ఇలాంటిది వస్తుందని అనుకోలేదు. ఆలోచించుకుని చెప్పమన్నారు. ఎలా చూసినా ఈ ఇంట్లో ఇంకెంతో కాలం ఉంటానని అనిపించడం లేదు. సామాను చూస్తే భయమేస్తోంది, ఒక్కదాన్నే ఇంత ఎలా పోగేశానో. పుస్తకాల్లో నీకు కావలసినవి ఉంటే చెప్పు, తీసి పెడతాను. మిగతావి లైబ్రరీకి ఇచ్చేస్తాను. మీ నాన్నకి నేనే చెప్తాను, తొందరపడి నువ్వు చెప్పకు.

స్నేహితురాలి ఇంటికి వెళ్ళు. ఆ పిల్ల నిజం చెప్పింది కాబట్టే వెళ్ళిపోయింది.

అత్త


జూలై 20

అత్తా,

ఇంటికి చేరాను. నువ్వు కట్టిచ్చింది రైల్లోనే తినేశాను.

అంత కంగారుగా ఎందుకొచ్చావని నువ్వు నాలుగు సార్లు అడిగినా తిన్నగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, తిట్టుకో. నీ ఉత్తరం ఒకసారి నా కళ్ళతో చదువు. విషయం తేలాలి, ఈ వయసులో వచ్చింది, ఎంతో కాలం ఉండను, పుస్తకాలు ఇచ్చేస్తాను. నేనేమనుకోవాలి? చెప్పులు కూడా రెండు జతల్లోవి చెరొకటి వేసుకుని బయలుదేరాను. నువ్వు చూశావు, మర్యాదకి ఏమీ అనలేదు.

మీ ఆసుపత్రిలో కౌంటరు దగ్గర నీ పేరు చెప్పి ఏ వార్డు అని అడిగాను. "ఆవిడ పేషంటు కాదమ్మా, స్టాఫు" అన్నాడు అక్కడి అబ్బాయి. ఏడుపూ నవ్వూ కాని మొహంతో బ్లడ్ బ్యాంకుకి వచ్చాను. నువ్వు లోపల పనిలో ఉన్నావు. ఆఫీసు గదిలో చేతులు మడిచిన చొక్కాతో ఒకాయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద మా మేడ. అప్పుడే చచ్చిపోయినట్టున్నాడు, తెరంతా ఎర్రగా ఉంది.

"కూర్చోండమ్మా, మేడమ్ వచ్చేస్తారు" అన్నాడు. నేనెవరో ఆయనకి తెలియదు. "ఈ అమ్మాయి వెళ్ళిపోతానంటే పోనివ్వరేంటోనండీ. నేనూ అన్ని విధాలా ప్రయత్నించాను."

"మరి ఎందుకు మళ్ళీ మళ్ళీ ఆడుతున్నారు?" అన్నాను.

"పై గది కోసమండీ. ఎటు నుంచైనా దారి ఉంటుందేమోనని. మేడమ్ ఆ గది దగ్గరకి వచ్చినప్పుడల్లా మాట్లాడడం మానేస్తున్నారు. ఎందుకో చెప్పరు. ఇది రాసినావిడకైనా తెలుసేమోనండీ."

అత్తా, నాకు అప్పుడు తెలిసింది. నీ అద్దం మాట జోకు కాదని, ఆయన ఫ్రిజ్‌లు చూసి వెళ్ళడానికి మాత్రమే రావడం లేదని, తేలాల్సిన విషయం జబ్బు కాదని, మూడూ ఒకేసారి. అంతలో నువ్వు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి, "ఎవరు పోయారు?" అన్నావు.

తర్వాత నీకు చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను, అప్పుడు గొణిగాను కాబట్టి. ఆ పై గది ఆవిడ నువ్వు కాదు. నేను. ఉద్యోగం మానేశాక పొద్దున లేచి తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రోజుల్లో రాశాను. తట్టేవాళ్ళు ఎవరో నాకే తెలియక తలుపు తెరవలేదు. దానికి నువ్వన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. "అయితే ఒకే గదికి ఇద్దరం అద్దె కడుతున్నామన్నమాట" అన్నావు.

రైలు దిగి గదికి పోలేదు, నేరుగా స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి నా చెప్పుల వంక చూసింది. "సారీ" అన్నాను. "విందు మూడు నుంచి ఒకటి చేస్తావా?" అంది. చేస్తానన్నాను. లోపలికి రానిచ్చింది. పై గదికి దారి రాయాలని ఇద్దరం అనుకున్నాం. విడుదల ఆలస్యమైనా సరే. ఒకటే చిక్కు. ఆ తలుపు వెనక ఆవిడకి ఏం కావాలో నాకు తెలియడం లేదు. నువ్వు చెప్పు.

ఆయనకి నువ్వేం జవాబు చెప్పావని అడగడం లేదు. ఆయన క్యారియర్‌కి మూత ఊడిపోకుండా వైరు చుట్టుకున్నాడు, చూశావా?

నీ గొణుగుడు


ఆగస్టు 6

గొణుగుడమ్మా,

నువ్వు ఇక్కడ వదిలి వెళ్ళిన నా ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను, నీ కళ్ళతో. నిజమే, చావు కబురులా ఉంది. ఫ్రిజ్‌లాయనకి చదివి వినిపిస్తే, "నన్ను చేసుకోవడం గురించే కదండీ ఇది" అన్నాడు పాపం.

ఆవిడకి ఏం కావాలని అడిగావు. నాకు తెలిసినంత చెప్తాను. ఆయన అడిగినప్పుడు నాకు భయమేసింది. ఆయన్ని చూసి కాదు. మా ఇంట్లో ఒక గ్లాసు ఉంది, దాని చోటు దానిది. మంచం పక్కన రేడియో ఉంది. పొద్దున్నే దాంతో పాటు నేనూ పాడతాను, ఎవరూ వినరు కాబట్టి. ఇవన్నీ ఎక్కడ పెట్టుకోవాలని భయం. ఇంతకాలం ఒక్కదాన్నే ఉన్నాను, అది శిక్ష ఏమీ కాదు, చాలావరకు బాగానే ఉంది. కాబట్టి మీ అమ్మాయి చేత ఆవిడను ఉద్ధరింపజేయకు. ఏడిపించకు. రక్తపిశాచాలు పిలవందే గడప దాటరని ఆటలో నువ్వే రాశావు కదా, ఆ మర్యాద ఆవిడకీ దక్కాలి. తట్టాలి. "ఎవరు?" అంటుంది. చెప్పాలి. "ఇవాళ కాదు" అంటే వెళ్ళిపోవాలి, అలగకుండా. మళ్ళీ రావాలి. ఆవిడ ఎన్నిసార్లు కాదన్నా ఆట ముగిసిపోకూడదు. తెరిచేది ఆవిడే కావాలి.

ఇక నా సంగతి. ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. నా ఉద్యోగం నాది, ఇల్లు వదిలి నేను రాను, ఆయనే ఇక్కడికి రావాలి, నా గది ఒకటి నాకుంటుంది, పొద్దున రేడియో ఆపమని అనకూడదు. అంతా విని, "నా పనిముట్ల పెట్టె తెచ్చుకోవచ్చాండీ?" అన్నాడు. వరండాలో అయితే పెట్టుకోమన్నాను. అలా ఖాయమైంది. ఆయన కూతురు ఫోన్ చేసి, "మా నాన్న గురక పెడతాడండీ, ముందే చెప్తున్నా" అంది. మంచి పిల్ల.

మీ నాన్నకి చెప్పాను. ముందు అతనిది ఏ ఊరని, ఎంత జీతమని అడిగాడు. చివరికి, "అతనికి నీ కోపం సంగతి తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "అయితే సరే" అన్నాడు. తర్వాత నీ ఆట గురించి కూడా చెప్పాను. నువ్వు వద్దంటావని తెలిసే చెప్పాను.

అత్త


సెప్టెంబరు 30

అత్తా,

మేడ తలుపులు తెరిచాం. పది రోజులైంది.

చదివినవాళ్ళు రాస్తున్నారు. యజమాని ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడట, నిజమే, అతన్ని పూర్తిగా బాగుచేయడం నా వల్ల కాలేదు. మధ్య భాగం ఇంకా సాగుతోందట. బటన్ నొక్కితే మాటలు కాస్త ఆలస్యంగా వస్తున్నాయట, అది సరిచేస్తున్నాం. వంటవాడికి అభిమానులు పుట్టారు. పై గది దారి గురించి మాత్రం వచ్చినవి దాచుకున్నాను. ఒకామె రాసింది, ఆవిడ చేత కాదనిపించుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళానని, మూడోసారి తలుపు ఓరగా తెరుచుకుంటే లేచి నిలబడ్డానని. స్నేహితురాలికి ఆ గది గీయడానికి నెల పట్టింది. మంచం పక్కన రేడియో పెట్టింది. ఆ కాలంలో రేడియో ఎక్కడిదంటే, "ఉంటే ఏం" అంది.

నాన్న ఆడాడు. మొదటిసారి అడగ్గానే "వెళ్ళిపోతాను" నొక్కాడట. ఇప్పుడు వెళ్ళనిస్తున్నాం కదా, పావుగంటలో కథ అయిపోయింది. ఫోన్ చేసి, "అయిపోయింది. అమ్మాయి క్షేమంగా ఇంటికి పోయింది. బాగుంది" అన్నాడు. ఇంకా చాలా ఉంది నాన్నా అంటే, "ఎందుకు, ఆ ఇల్లు మంచిది కాదు" అన్నాడు.

నేను రోజూ బయటికి వెళ్తున్నాను. స్నేహితురాలి ఇంట్లోనే ఒక బల్ల వేసుకున్నాను. మీ పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి ఇద్దరం వస్తాం, సాక్షి సంతకం నేనే పెట్టాలి, ఇంకెవరికీ ఇవ్వకు.

నీ గొణుగుడు


అక్టోబరు 21

గొణుగుడమ్మా,

మీరు వెళ్ళాక ఇల్లు సర్దాం. పనిముట్ల పెట్టె వరండా దాటి వంటగదిలోకి వచ్చింది. చూస్తున్నాను, ఇంకా ఏమీ అనలేదు.

రిజిస్ట్రేషన్ రోజు మీ అందరినీ ఆఫీసులో అంతసేపు కూర్చోబెట్టినందుకు మనసు ఒప్పుకోవడం లేదు. సరిగ్గా బయలుదేరే వేళకి కాన్పు కేసు వచ్చింది. దొరకని గ్రూపు, ఇద్దరు దాతలకి ఫోన్లు చేసి రప్పించి, అన్నీ సరిచూసి పంపేసరికి ఆ వేళైంది. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆఫీసు మూసేసి ఉంటారనుకునే మెట్లెక్కాను. కానీ లైట్లన్నీ వెలుగుతున్నాయి, నేలంతా తడి, మీ నాన్న మోకాళ్ళ మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఆయన మోకాళ్ళ మీద కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. సంతకాల హడావుడిలో అడగలేదు. ఈయన్ని అడిగితే "ఏం లేదండీ" అంటాడు. అసలేం జరిగింది?

అత్త


అక్టోబరు 29

అత్తా,

ఆయన చెప్పడు, నేను చెప్తాను.

నువ్వు వస్తావని అందరికీ తెలుసు, ఎప్పుడో తెలియదు. నాన్న బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేసిన మనిషి, గడియారం తప్ప ఏమీ చూడడం లేదు. గుమాస్తా ఫైళ్ళు కట్టేశాడు. "ఇంకో రోజు రండి, మూసేయాలి" అన్నాడు. నాన్న లేచాడు. నీ మీద కోపమో, నీ కోసం బాధో, మొహం ఎర్రబడింది. మీ ఆయన వైపు తిరిగి, "మా చెల్లెలికి పని తర్వాతే ఏదైనా. ఇవాళే కాదు, ఎప్పుడూ ఇంతే. ఆలోచించుకోండి" అన్నాడు.

ఆయనేమో, "అవునండీ, అందుకే కదండీ" అన్నాడు. అని గుమాస్తాతో, "మీ మంచినీళ్ళ కూలరు అలా మూలుగుతోందేంటండీ?" అన్నాడు.

"ఎండాకాలం నుంచీ అంతే. చెప్పగా చెప్పగా ఎవరూ రారు."

"ఒక్క నిమిషం చూస్తానండీ."

జేబులో స్క్రూడ్రైవర్ ఉంది అత్తా, పెళ్ళి చొక్కా జేబులో. గుమాస్తా వద్దనేలోపే వెనక రేకు ఊడింది. తర్వాత నీళ్ళు వదిలేశాడు. మోటారు బయటికి వచ్చింది, ఫ్యాను బయటికి వచ్చింది, కూలరంతా నేల మీద పరుచుకుంది. అంత సామాను పరిచి ఉండగా ఆఫీసు ఎలా మూస్తారు? గుమాస్తా తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. నాన్నకి అప్పుడు అర్థమైంది. ప్యాంటు పైకి లాక్కుని, తడిలోనే మోకాళ్ళ మీద కూర్చుని, "ఈ మరలు నాకివ్వండి, పోతాయి" అన్నాడు. రుమాలు పరిచి ఒక్కొక్కటీ అందులో పెట్టాడు. కాసేపయ్యాక నాన్న గొంతు తగ్గించి అడగడం నాకు వినబడింది.

"నిజంగా పాడైందా?"

"లేదండీ. దుమ్ము తుడిస్తే చాలు. కానీ మేడమ్ వచ్చేదాకా తుడుస్తూనే ఉంటాను."

మా నాన్న అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. ఆపలేకపోయాడు. నువ్వు మెట్లెక్కి వచ్చింది ఆ నవ్వులోకే.

నీ గొణుగుడు